మా చేనులో దొరికిన మనిషి

ఏప్రిల్ 6

మనసు బాగా లేక రాస్తున్నానని ఎవరైనా అనుకుంటారేమో. ఎవరూ చదవరు కాబట్టి ఎవరూ అనుకోరు. ఒంటిపూట బడులు నడుస్తున్నాయి, మధ్యాహ్నాలు ఖాళీ. అందుకే రాస్తున్నాను.

మా రాళ్ళ చేనులో ఉపాధి పని కింద నీటి గుంత తవ్వుతున్నారు. ఈ రోజు పొద్దున రాకాసి గుండ్ల పక్కన గడ్డపార ఒక నిలువు బండకు తగిలిందట. అడ్డం వచ్చిందని నలుగురు పట్టి దాన్ని లాగేశారు. వెనక గూడు, గూట్లో మనిషి కాళ్ళ ఎముకలు. నేను కల్వకుర్తిలో బడి ముగించుకుని వచ్చేసరికి ఊరు ఊరంతా గట్టు మీద నిలబడి ఉంది. ఒక్కరూ గుంతలోకి చూడటం లేదు. అందరూ మా అమ్మ ముఖంలోకి చూస్తున్నారు.

ఎందుకు చూస్తున్నారో నాకు తెలుసు. నలభై రెండేళ్ళ కిందట, నేను ఇంకా కడుపులో ఉండగా, మా అమ్మ భర్త లచ్చయ్య ఈ చేనుకే పోయివస్తానని చెప్పి ఇల్లు కదిలాడు. మళ్ళీ రాలేదు. బొంబాయి పోయాడన్నారు. మేస్త్రీ వెంట ఆనకట్ట పనికి పోయాడన్నారు. ఎవరో ఆడమనిషితో లేచిపోయాడన్నారు, ఈ మాట బడిలో నా వెనక రోజూ వినబడేది. ఈ రోజు ఊరు కొత్త మాట మొదలుపెట్టింది. లచ్చయ్య ఎక్కడికీ పోలేదు, ఎవరో చంపి ఇక్కడే పూడ్చారు అని.

అమ్మ కొంగు నడుముకు చెక్కింది. "ఏందిరా గట్ల నిలబడ్డరు? ఒక్కరికి పని లేదా?" అని అందరినీ కసిరింది. తర్వాత నా వైపు తిరిగి, "అన్నం తిన్నవా?" అంది.

ఏప్రిల్ 7

నేను జీవశాస్త్రం చెప్పే మాస్టర్ని. ఎముకలు చూసి ఫలానా వాడని చెప్పలేము. నాకు ఏ పట్టింపూ లేదు.

ఏప్రిల్ 8

పోలీసులు వచ్చారు, ఫోటోలు తీసుకున్నారు. చాలా పాతవిలా ఉన్నాయి, హైదరాబాదుకు రాస్తాం, ఎవరూ ముట్టొద్దు అని చుట్టూ తాడు కట్టి పోయారు. పాతవంటే ఎంత పాతవి? నలభై రెండేళ్ళు కూడా పాతే కదా. ఆ మాట నేను అడగలేదు.

గురవయ్య కాక పొద్దటి నుంచి గుంత ఒడ్డున కూర్చునే ఉన్నాడు. లచ్చయ్యకు వరసకు తమ్ముడు, మా పక్క చేను ఆయనదే. నన్ను మొదటి రోజు బడికి భుజాల మీద ఎక్కించుకుని తీసుకుపోయింది ఆయనే. చాయ్ తెచ్చి ఇస్తే తాగలేదు.

ఈ రోజు ఎందుకో బాగా ఆకలి వేసింది. రొట్టెలు మళ్ళీ అడిగి వేయించుకున్నాను. స్నానం చేస్తూ ఈల వేశానట. నిరోష బయటి నుంచి అడిగింది, "ఎవలి పెండ్లి?" అని. నా పెళ్ళానికి చెవులు మరీ పాము చెవులు.

ఏప్రిల్ 10

కులపెద్దలు ఇంటికి వచ్చారు. మంచాలు వేసి కూర్చోబెట్టాము. కొద్దిసేపు ఎండల గురించి, మామిడికాయల గురించి మాట్లాడి అసలు సంగతికి వచ్చారు.

"సైదమ్మా, లచ్చన్న దినాలు ఇన్నేండ్లు చెయ్యలే. శవం లేదు గనుక ఊకున్నం. ఇప్పుడు దొరికె. దినాలు చేసి, నీ బొట్టూ గాజులూ తీసే కార్యం గూడ..."

అమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"గా బొక్కలకు లచ్చయ్య అని పేరు పెట్టింది ఎవలే? తొట్టెల గూడ ఏసిన్రా?"

"గట్లంటే ఎట్లనే?"

"మరి ఎట్లనాలె? నా మొగడు ఏడున్నడో నాకు ఎరుక లేదు. ఉన్నడు. గంతే. నా బొట్టు జోలికి వచ్చినోని చెయ్యి ఇరుగుతది."

వాళ్ళు నా వైపు చూశారు. చదువుకున్నవాడివి, నువ్వు చెప్పు అన్నట్టు. నేను నోరు మూసుకోవలసింది. మూసుకోలేదు. "అమ్మా, పెద్దమనుషులు చెప్పేది జర విను" అన్నాను.

అమ్మ అప్పుడు తల ఎత్తింది. చాట పక్కన పెట్టి లోపలికి పోయింది. అన్నం నిరోష వండింది, ఉప్పు ఎక్కువ అయింది.

ఏప్రిల్ 11

తొడ ఎముక పొడుగును బట్టి మనిషి ఎత్తు లెక్క కట్టవచ్చు. పదో తరగతి పుస్తకంలో లేదు, నాకు తెలుసు.

ఏప్రిల్ 13

తాడు దాటిపోయాను. నా చేనులోకి నేను పోవడానికి ఎవరి అనుమతి కావాలి? ముట్టుకోలేదు, టేపు దగ్గర పెట్టి చూశాను, అంతే. పొడుగు మనిషి. బాగా పొడుగు.

లచ్చయ్య ఎంత ఎత్తు ఉండేవాడని ఊళ్ళో అడిగాను. ఒక ముసలాయన తాటిచెట్టంత అన్నాడు. ఇంకో ఆయన నీ అంతే అన్నాడు. చాకలి జానమ్మ మటుకు "గిద్దెడుండె" అని నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపింది. జానమ్మకు చూపు సరిగా ఆనదు, మతి కూడా నిలకడ లేదు. ఆమె మాట లెక్కలోకి తీసుకోలేదు.

ఫోటో ఒక్కటి కూడా లేదు ఇంట్లో. అమ్మను అడగలేను, మూడు రోజులుగా నాతో పొడిపొడిగా మాట్లాడుతోంది.

ఏప్రిల్ 14

గురవయ్య కాక ఈ రోజు కూడా గుంత దగ్గరే ఉన్నాడు. ఎందుకు? రెండు చేన్ల మధ్య గట్టు తగాదా ఉండేదని ఊళ్ళో ఎవరో అన్నారు. అన్నారు అంటే నేనే అడిగాను, అప్పుడు అన్నారు.

ఏప్రిల్ 15

నిన్న రాసింది మళ్ళీ చదివాను. కొట్టేయాలనుకున్నాను, కొట్టేయలేదు. ఆయన నాకు చేసిన మేలు తెలియక కాదు. ఒక మనిషి ఎక్కడికీ పోకుండా మాయమైతే, దానికి ఇంకొక మనిషి ఉండాలి కదా. లెక్క లెక్కే.

ఏప్రిల్ 26

సెలవులు ఇచ్చారు. హైదరాబాదు నుంచి పురావస్తు వాళ్ళు దిగారు. పెద్దామె పేరు అనూహ్య, పెద్దామె అంటే వయసులో కాదు, ముప్పై ఉంటాయేమో. మా ముందు గది కిరాయికి అడిగింది. కిరాయి మాట ఎత్తితే అమ్మ కొట్టడానికి పోయింది. "ఆడపిల్లవు, ఎండల పని చేసుకునేదానివి, నీ తాన కిరాయి తీసుకుంటనా? జొన్నరొట్టె తింటవా తినవా, గా ముచ్చట చెప్పు."

తింటానంది. అమ్మకు పదేళ్ళ వయసు తగ్గింది.

సాయంత్రం గుంత దగ్గర ఆమె గూట్లోకి టార్చి వేసి చూసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. నలుపూ ఎరుపూ కలిసిన కుండలున్నాయట. ఇది సమాధి అట, మా ఊరి వాళ్ళు రాకాసి గుండ్లు అనేవి సమాధి చుట్టూ పేర్చిన రాళ్ళట. రెండు వేల ఏళ్ళకు తక్కువ ఉండదు, ఎక్కువే ఉంటుందంది.

"కుండలు పాతవి కావచ్చు మేడం. మనిషిని తర్వాత పెట్టి ఉండవచ్చు కదా?" అన్నాను.

"ఎంత తర్వాత సర్?"

"మొన్న మొన్నటి దాకా."

ఆమె నవ్వింది. "సర్, మీరు చెప్పేది సైన్సేనా?" అంది. పక్కన కూలీలు కూడా నవ్వారు. సెలవుల్లో మాస్టర్లకు మర్యాద ఉండదు.

ఏప్రిల్ 30

తవ్వకం నడుస్తోంది. తవ్వకం అనడం కూడా తప్పు, కుంచెలు పట్టుకుని దుమ్ము తుడుస్తున్నారు. గుంత తవ్విన మా ఊరి ఆడవాళ్ళనే పెట్టుకున్నారు. గంప మన్ను తీస్తే జల్లెడ పడుతున్నారు. "గింత మన్నుకు గంత కూలి ఇస్తరా!" అని వాళ్ళకు ఒకటే సంబరం.

మా ఇల్లు పెండ్లివారి ఇల్లులా ఉంది. అమ్మ రోజూ పచ్చిపులుసు, రొట్టెలు, ఒక పూట ఎండు చేపలు. అనూహ్య వంటింటి గడపలో కూర్చుని తింటుంది. నిరోషకు ఆమెతో ఎంత దోస్తీ కుదిరిందంటే, ఇద్దరూ కలిసి నన్ను ఆడిపోసుకుంటున్నారు. బాగుంది. నిజంగానే బాగుంది. ఇంత మంది మనుషులు మా ఇంట్లో ఎప్పుడూ లేరు.

మే 4

కత్తి దొరికింది.

మనిషి కుడిచేతి పక్కన, మోచేతి దగ్గర నుంచి మోకాలి దాకా. తుప్పు పట్టి మట్టిగడ్డలా ఉంది కానీ కత్తే. బరిసె మొన కూడా ఉంది. అనూహ్య గుంతలో నుంచి పైకి వచ్చి అమ్మను పట్టుకుని గిరగిరా తిప్పింది. "అమ్మా, మీ చేనులో ఉన్నది యోధుడు! యుద్ధాలు చేసినోడు!"

ఊళ్ళో డప్పులు మోగాయి. మొన్న బొట్టు తీయించడానికి వచ్చిన పెద్దమనుషులే ఈ రోజు కొబ్బరికాయలు పట్టుకొచ్చారు. "చూసినవా సైదమ్మా, మన ఊరి రాజు" అన్నారు. "నిన్న లచ్చయ్య, ఇయ్యాల రాజా? రేపు ఏం జేస్తరు, దేవున్ని జేస్తరా?" అంది అమ్మ.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తల నొప్పిగా ఉందని తొందరగా ఇంటికి వచ్చాను.

మే 6

కత్తి ముందే ఉండి ఉండవచ్చు. పాత సమాధిలో చోటు ఉంది కదా అని ఎవరైనా ఒక శవాన్ని దాచాలనుకుంటే, అంత కన్నా మంచి జాగా ఉండదు. ఈ మాట అనూహ్యతో అన్నాను. ఈసారి ఆమె నవ్వలేదు. నిరోష ఏదో చెప్పినట్టుంది.

నన్ను గుంతలోకి దింపి చూపించింది. "సర్, పై బండ చూడండి. పది మంది పట్టినా కదలదు. దాని మీద మన్ను చూడండి, ఎంత గట్టిగా పేరుకుందో, ఒక్క చోట కూడా తవ్విన గుర్తు లేదు. పక్క బండ మొన్న మీ వాళ్ళే లాగారు, అప్పటిదాకా దాని ముందు కూడా ఇదే గట్టి మన్ను. ఈయన సొంతవాళ్ళు మూసిపెట్టిన తర్వాత లోపలికి ఎవరూ రాలేదు సర్."

మే 7

పై బండ కదలలేదు.

మే 11

మూడు రోజులుగా ఏమీ రాయలేదు. జ్వరం అని చెప్పాను. జ్వరం లేదు.

ఈ రోజు గురవయ్య కాక వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు. తాటి ముంజలు తెచ్చాడు. ఒక్కొక్కటి వలిచి నా చేతిలో పెడుతూ, నా ముఖం చూడకుండా అన్నాడు.

"నేనే సంపిననుకున్నవ్ గద రా."

ముంజకాయ నీళ్ళు చేతి మీద కారుతున్నాయి.

"తియ్యి, అనుకుంటే అనుకున్నవ్. గట్టు సంగతి నువ్వు అడిగినవని నాకు గా దినమే తెల్సింది."

"కాకా, నేను..."

"ఊకో. నా సంగతి ఇను. బొక్కలు ఎల్లిన దినం నాకు ఎంత సంబురమైందో తెలుసా? ఏడ్వలే. సంబురమే అయింది. వాడు నాకు జెప్పకుండ పోయిండని ఇన్నేండ్లు కడుపుల మంట. ఒక్క కంచంల తిన్నోళ్ళం. గీడనే ఉన్నడంటే, నాకు జెప్పకుండ పోలేదు గద. గందుకే ఆడ కూసున్న. గా కత్తి ఎల్లకపోతే మంచిగుండు."

ముసలాయన ముక్కు చీది లుంగీకి తుడుచుకున్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఎంత పాపిష్టి ఆలోచన చేశానో తలుచుకుంటే సిగ్గేసింది. కానీ సిగ్గు కంటే ఎక్కువగా, ఈ ఊళ్ళో నాలా అనుకున్నవాడు ఇంకొకడున్నాడని ప్రాణం లేచి వచ్చింది. ఇద్దరం ముంజలన్నీ తిన్నాము.

మే 12

సరే, రాస్తాను. ఎవరూ చదవరు.

ఆ ఎముకలు ఆయనవే కావాలని కోరుకున్నాను. మొదటి రోజు నుంచీ. నన్ను చూడకుండా, నేను పుట్టకముందే వదిలేసిపోయిన మనిషి కాకుండా, నా కోసం ఇంటికి వస్తూ వస్తూ చచ్చిపోయిన మనిషి కావాలని. తండ్రి చచ్చిపోయాడని ఈల వేసిన కొడుకును నేనే.

మే 13

మధ్యాహ్నం అమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తుంటే పక్కన కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "అమ్మా, ఆయన ఎంత ఎత్తు ఉండేవాడు?" అన్నాను.

అమ్మ చేతులు ఆపి పకపకా నవ్వింది. అరవై దాటిన మనిషి అలా నవ్వడం నేను చూడలేదు.

"నా చెవు దాక వచ్చెటోడు. లగ్గంల తలువాలు పొయ్యనీకి పీట మీద పీట ఏసి నిలబెట్టిన్రు. మా సుట్టాలందరు ఒకటే నవ్వుడు. జానమ్మకు అంత యాది."

మరి మొదటి రోజే ఎందుకు చెప్పలేదు? ఆ కాళ్ళ ఎముకలు చూడగానే తెలిసి ఉంటుంది కదా. ఆ మాటే అడిగాను.

"చెప్తుంటి. గని నీ మొకం జూసిన. బువ్వ మంచిగ తింటున్నవ్. ఈల ఏస్తున్నవ్. నా కొడుకు గట్ల ఎన్నడున్నడు? నాలుగు దినాలు ఉండనీ అనుకున్న." మళ్ళీ గింజలు తీయడం మొదలుపెట్టింది. "గని నువ్వు నా బొట్టు తీస్తమన్నోళ్ళ దిక్కు మాట్లాడినవ్ సూడు, గది నాకు కడుపుల గుచ్చింది."

"నువ్వు మటుకు? ఆయన బతికుండి రాలేదంటే నీకు బాధ లేదా?" అన్నాను. గొంతు పెద్దదయింది.

"ఎందుకు లేదు? మస్తు తిట్టుకున్న. గని సచ్చిండనుకునుడు కన్న గదే నయ్యం. ఏడనో ఒకకాడ అరుగు మీద కూసొని చాయ్ తాగుతుంటడు. వాని పాపాన వాడు. నేను తిట్టనీకైన ఉండాలె గద. నాకు బతికున్నోడు గావాలె కొడుకా. నీకేమో పోయినోడు గావాలె. ఇద్దరికి ఒక్క మనిషితోని ఎట్లయితది?"

నేను ఏడ్చాను. అమ్మ చింతపండు చేతులతోనే నా తల నిమిరింది. జుట్టంతా జిగట అయింది. చాలా ఏళ్ళకు ప్రాణం తేలికపడింది.

మే 20

ఎముకలకు పత్తి చుట్టి, పిండి కట్టు వేసి పెట్టెల్లో సర్దుతున్నారు. ఎల్లుండి బండి వస్తుంది. అనూహ్య పోతుందంటే నిరోష ఇప్పటి నుంచే ముఖం ముడుచుకుంది. అమ్మ సకినాలు చేస్తోంది. వాళ్ళకు హైదరాబాదులో తిండి దొరకదని అమ్మ నమ్మకం.

మే 22

పొద్దున్నే పెట్టెలు బండికి ఎక్కించారు. ఊరంతా వచ్చింది. గురవయ్య కాక డప్పుల వాళ్ళను పిలిపించాడు. రాజు కదా, ఊరికే ఎట్లా పంపుతాం అన్నాడు. డప్పులు ముందు, బండి వెనక, మేమంతా దాని వెనక. గట్టు దాటి డాంబరు రోడ్డు ఎక్కే చోట అమ్మ చేతులు చాపి బండికి అడ్డం నిలబడింది.

"ఆపు బిడ్డా. కిందికి దించు."

అనూహ్య దిగి వచ్చింది. "ఏమైందమ్మా?"

"దింపుడు కళ్ళం జెయ్యకుండ మనిషిని పొలిమేర దాటిస్తరా? ఆనాడు ఎవలు జేసిన్రో లేదో. దించి, సొంతోళ్ళు చెవుల పిలువాలె. మూడుమార్లు పిలువాలె. పానముంటే లేస్తడు. లేకుంటే తొవ్వకు పోతడు."

డప్పులు ఆగిపోయాయి. అనూహ్య నవ్వుతుందేమో, లేటవుతుంది అంటుందేమో అనుకున్నాను. ఆమె డ్రైవరుకు సైగ చేసింది. తల ఉన్న పెట్టెను నలుగురు పట్టుకుని మెల్లగా దించి మట్టి మీద పెట్టారు.

"ఏం పేరు పెట్టి పిలుస్తరే? పేరు ఎరుక లేకపాయె," అన్నాడు గురవయ్య కాక.

అమ్మ నా వైపు చూసింది.

"నువ్వు పిలువు కొడుకా."

"నేనా? నేనెందుకు? ఏమని?"

"నీకు ఎట్ల పిలువబుద్ధయితే గట్ల."

ఊరంతా చూస్తోంది. నా దగ్గర చదువుకున్న పిల్లలు చూస్తున్నారు. నేను మోకాళ్ళ మీద కూర్చుని పెట్టె మీదికి వంగాను. కొత్త చెక్క వాసన, సున్నం వాసన. నా క్లాసులో ప్రతి పిల్లా, పిల్లాడూ రోజుకు పదిసార్లు వాడే ఆ మాట నలభై రెండేళ్ళలో నా నోట ఒక్కసారి కూడా రాలేదు. పిలవడానికి ఎవరూ లేరు కదా.

"బాపూ."

నాకే వినబడలేదు. ఇంకా వంగాను.

"బాపూ."

మూడోసారి అరిచాను. గట్టు మీద మేకలు బెదిరి పరుగెత్తాయని తర్వాత నిరోష చెప్పింది. చెవి చెక్కకు ఆనించి అలాగే ఉన్నాను. నిజంగానే విన్నాను. జీవశాస్త్రం మాస్టర్ని, రెండు వేల ఏళ్ళ నాటి పుర్రె పలుకుతుందేమోనని ఊపిరి బిగబట్టి విన్నాను.

"పలికిండా?" అంది అమ్మ.

"పలకలేదమ్మా."

"అయితె పోయిండు. లెవ్వు కొడుకా. తొవ్వ ఇయ్యి."

గురవయ్య కాక నన్ను చంకల కింద చేతులు వేసి లేపాడు. పెట్టె ఎక్కించారు. బండి కల్వకుర్తి వైపు మలుపు తిరిగేదాకా ఇద్దరం రోడ్డు మీదే నిలబడ్డాము.

సాగనంపినవాళ్ళంతా చేనులోని బోరు దగ్గరికి పోయారు, తలమీద నీళ్ళు పోసుకోకుండా ఇంటికి పోకూడదు కదా. మిగిలిన సామాను సర్దడానికి అనూహ్య వదిలిపోయిన ఇద్దరు కుర్రాళ్ళు కూడా వరుసలో నిలబడ్డారు. అమ్మ మటుకు బోరు దాటి తిన్నగా ఇంటి తొవ్వ పట్టింది.

"అత్తమ్మా, తానం జెయ్యవా?" అని నిరోష వెనక నుంచి కేక వేసింది.

అమ్మ ఆగలేదు. "నాకెందుకే? నాకు ఎవలు సచ్చిండ్రని?" అంది.

నేను చొక్కా విప్పి బోరు కింద కూర్చుని తలారా పోసుకున్నాను.